మహిల్పూర్ పాలేరు, ఫ్లాండర్స్ సిపాయి: బకం సింగ్

ఈసారి ఒక సిపాయి జీవితం రాస్తామంటే మన కార్యకర్తలు కొందరు మొహం చిట్లించారు. రైతు పోరాటాల్లో ప్రాణాలిచ్చినవాళ్ళు ఇంతమంది ఉండగా, తెల్లదొరల యుద్ధంలో తుపాకి మోసినవాడి ఊసు మనకెందుకని వాళ్ళ వాదన. అందులో న్యాయం లేకపోలేదు. 1914లో మొదలైన ఆ మహాయుద్ధం దోచుకున్న దేశాలను పంచుకోవడంలో వాటాలు కుదరక దొంగలు పడ్డ తగాదాయే. అయితే తగాదా దొంగలది, చావు మాత్రం కూలోళ్ళది, రైతు బిడ్డలది. మేము చెప్పబోయే మనిషి సిపాయి కాకముందు పాలేరు. పాలేరు కాకముందు పరాయిదేశంలో బతుకుతెరువు వెతుక్కున్న కుర్రవాడు. అంతకు ముందు ఒక రైతు కొడుకు. అతని పేరు బకం సింగ్. కెనడాలోని పంజాబీలకు ఇప్పుడు తెలియని పేరు కాదు గాని, చచ్చిపోయిన తర్వాత దాదాపు తొంభై ఏళ్ళు ఎవరూ తలుచుకోని పేరు అది.

బకం సింగ్ 1893 డిసెంబరు 5న పంజాబులో హోషియార్‌పూర్ జిల్లా మహిల్పూర్‌లో పుట్టాడు. సట్లెజ్, బియాస్ నదుల నడుమ ఉండే ఆ ప్రాంతాన్ని దోఆబా అంటారు. నేల మంచిదే, చేసే చేతులూ మంచివే. కాని తాత చేతిలోని చేను కొడుకుల మధ్య, మనుమల మధ్య చీలి చీలి ఎకరా రెండెకరాల ముక్కలైపోయింది. మీద సర్కారు శిస్తు, కింద షావుకారు వడ్డీ. ఏటా చేసిన అప్పు ఏటికేడాది పెరిగేదే గాని తరిగేది కాదు. షావుకార్లు భూములన్నీ కాజేస్తున్నారని భయపడి 1900లో తెల్ల సర్కారే భూముల అమ్మకాల మీద చట్టం తేవలసి వచ్చిందంటే సంగతి అర్థమవుతుంది. ఆ సర్కారుకు రైతు మీద ప్రేమ ఏమీ లేదు. దాని పటాలాలకు మనుషులు వచ్చేది ఆ రైతు కుటుంబాల నుంచే, అదీ దాని దిగులు.

అప్పటి ఆచారం ప్రకారం బకం సింగ్‌కు పదేళ్ళు నిండకముందే 1903లో పెళ్ళి చేశారు. పెళ్ళికూతురు జలంధర్ దగ్గరి జంషేర్ ఊరి పిల్ల ప్రీతం కౌర్. కాపురానికి వచ్చే ఈడు రాకముందే పెళ్ళికొడుకు దేశం దాటిపోయాడు. ఈ సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

1907లో, పధ్నాలుగేళ్ళు నిండకముందే, బకం సింగ్ కెనడా పడమటి తీరాన ఉన్న బ్రిటిష్ కొలంబియా చేరాడు. ఇంట్లో ఉన్న కాస్త నేల తాకట్టు పెట్టి, అప్పో సొప్పో చేసి, కలకత్తా మీదుగా హాంగ్‌కాంగ్, అక్కడి నుంచి వాంకూవర్ పోవడం అప్పట్లో దోఆబా కుర్రాళ్ళ దారి. ఒకడు పోయి నాలుగు డాలర్లు పంపితే ఆ ఊరి నుంచి పదిమంది బయలుదేరేవాళ్ళు. 1908 నాటికి అలా చేరినవాళ్ళు అయిదు వేలమంది దాకా ఉంటారు. అడవిలో చెట్లు కొట్టడం, సామిల్లుల్లో దుంగలు మోయడం, రైలు కట్టలు వెయ్యడం వాళ్ళ పని. తెల్లవాడికిచ్చే కూలి కంటే వీళ్ళకు తక్కువ. తక్కువకు చేస్తున్నారని తెల్లకూలీకి కోపం, ఎక్కువ అడుగుతారేమోనని యజమానికి భయం. కూలికి కూలిని శత్రువుగా నిలబెట్టే ఈ ఎత్తు మనకు కొత్తది కాదు. పొరుగూరి ముఠాను తెచ్చి నాట్లు వేయించుకునే మోతుబరులను చూసిన ఎవరికైనా ఇది తెలుసు.

బకం సింగ్ అక్కడ కాలుపెట్టిన ఆ 1907లోనే సెప్టెంబరు నెలలో సరిహద్దు అవతల బెల్లింగ్‌హామ్ పట్నంలో తెల్ల మూక సామిల్లు పంజాబీల మీద పడి కొట్టి ఊరినుంచి తరిమేసింది. మూడు రోజులు తిరక్కుండానే వాంకూవర్‌లో చైనా, జపాను వాళ్ళ పేటల మీద దాడి జరిగింది. అదే ఏడాది బ్రిటిష్ కొలంబియా శాసనసభ హిందూదేశపు వాళ్ళకు ఓటు లేదని చట్టం చేసింది. మరుసటి ఏడు ఇంకో ఎత్తు వేశారు. పుట్టిన దేశం నుంచి ఎక్కడా దిగకుండా ఒకే ప్రయాణంలో వచ్చినవాడినే రానిస్తామన్నారు. హిందూదేశం నుంచి అలా నేరుగా వచ్చే ఓడ ఉంటే గదా! టిక్కెట్లు అలా అమ్మకుండా కూడా సర్కారే చూసుకుంది. పైగా చేతిలో 200 డాలర్లు చూపించాలి. చట్టంలో ఎక్కడా పంజాబీ అనే మాట లేదు, హిందూదేశం అనే మాట లేదు. తలుపు మూసిన చప్పుడు వినపడకుండా మూయడమంటే ఇదే.

ఆ తలుపు అవతలే ప్రీతం కౌర్ మిగిలిపోయింది. అప్పటికే వచ్చి ఉన్న మగవాళ్ళు తమ పెళ్ళాం బిడ్డలను పిలిపించుకునే దారి లేకుండా పోయింది. 1912లో భాగ్ సింగ్, బల్వంత్ సింగ్ అనే ఇద్దరు తమ కుటుంబాలను తీసుకువస్తే తిప్పి పంపమని ఉత్తర్వు వేశారు. ఎంతో ఆందోళన జరిగాక, ఈ ఒక్కసారికి దయతలిచామని చెప్పి ఆ రెండు కుటుంబాలను ఉండనిచ్చారు. ఒంటరి మగవాళ్ళుగా ఉంచితే ఏనాటికైనా వెళ్ళిపోతారన్నది సర్కారు లెక్క. కూలి కావాలి గాని కూలివాడి సంసారం వద్దు.

ఇక్కడ మనవాళ్ళు ఊరికే కూర్చోలేదు. ఆ వలసవచ్చినవాళ్ళలో తెల్ల పటాలాల్లో పనిచేసి పింఛను పుచ్చుకున్న మాజీ సిపాయిలు చాలామంది ఉన్నారు. 1909 అక్టోబరులో వాంకూవర్ గురుద్వారాలో వాళ్ళు సమావేశమై, యూనిఫారాలు గాని పతకాలు గాని ఇక మీద గురుద్వారా కార్యవర్గ సభ్యులెవరూ ధరించగూడదని తీర్మానించారు. ఒక మాజీ సిపాయి తన సర్టిఫికెట్టును నిప్పుల్లో పడేశాడు. 1913లో అమెరికా తీరంలో సామిల్లు కూలీలు, రైతులు, విద్యార్థులు కలిసి గదర్ పార్టీ పెట్టుకున్నారు. మన కనిగిరి నుంచి చదువుకోసం 1912లో అమెరికా వెళ్ళిన దరిశి చెంచయ్యగారు ఆ పార్టీలో చేరి జైలుపాలైన సంగతి పెద్దలు ఎరుగుదురు. 1914 మే 23న కోమగాట మారు ఓడ 376 మంది ప్రయాణికులతో వాంకూవర్ రేవుకు వచ్చింది. రెండు నెలలు నీళ్ళ మీదే నిలబెట్టి, గుప్పెడు మందిని తప్ప ఎవరినీ దిగనివ్వక, జూలై 23న యుద్ధనౌకను తోడిచ్చి మరీ వెళ్ళగొట్టారు. ఆ ఓడ కలకత్తా దగ్గర బజ్‌బజ్ చేరితే సెప్టెంబరు 29న తుపాకులతో కాల్చారు. ఇరవై మంది దాకా అక్కడే నేలకూలారు. పంజాబీల మీద వేగులు నడిపిన ఇమిగ్రేషన్ అధికారి హాప్‌కిన్సన్‌ను మేవా సింగ్ అనే సామిల్లు కూలి కాల్చి చంపి, 1915 జనవరి 11న ఉరికంబం ఎక్కాడు.

ఓడను తరిమిన పన్నెండు రోజులకు యుద్ధం వచ్చిపడింది. అంతవరకు పనికిరాని నల్లవాడు ఒక్కసారిగా సామ్రాజ్యానికి పనికొచ్చాడు.

బకం సింగ్ ఈ గొడవలన్నిటికీ కాస్త ముందే, 1912, 13 ప్రాంతాల్లో, దేశం ఆ కొస నుంచి ఈ కొసకు, తూర్పున ఉన్న ఓంటారియోకు వెళ్ళిపోయాడు. పడమటి తీరంలో గురుద్వారా ఉంది, తన భాష మాట్లాడే జనం ఉన్నారు. టొరంటో వైపు చూస్తే తలపాగా మనిషి కనపడేది అరుదు. ఆ రాష్ట్రంలో అడుగుపెట్టిన మొదటి సిక్కుల్లో ఇతనొకడు. టొరంటో పక్కన రోజ్‌బ్యాంక్‌లో ఒక పొలంలో జీతానికి కుదిరాడు. పదమూడేళ్ళప్పుడు తమ చేను విడిచి వచ్చినవాడు ఇరవై ఏళ్ళకు మళ్ళీ మట్టిలోకే వచ్చాడు, కాకపోతే ఇప్పుడు మట్టి ఇంకొకడిది. పరాయి పొలంలో ఒంటరి పాలేరు బతుకు ఎలా ఉంటుందో ఈ కాలమ్ చదివేవాళ్ళకు మేము విడమర్చి చెప్పనక్కర్లేదు.

1915 ఏప్రిల్‌లో ఓంటారియోలోని స్మిత్స్ ఫాల్స్‌లో బకం సింగ్ సైన్యంలో చేరాడు. అప్పటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్ళు. మొదట 59వ బెటాలియన్ కింద రాసుకున్నారు. సరిగ్గా ఆ నెల్లోనే బెల్జియంలో ఈప్ర్ పట్నం దగ్గర జర్మన్లు క్లోరిన్ విషవాయువు వదిలారు, కెనడా సిపాయిలు గుంపులు గుంపులుగా చనిపోయిన వార్తలు పత్రికల నిండా వచ్చాయి. అంటే ఎక్కడికి పోతున్నదీ తెలియక చేరిన కాలం కాదది.

ఎందుకు చేరినట్టు? రాజభక్తి అని ఇప్పటివాళ్ళు కొందరు చెబుతారు. మేము ఆ మాట అంత తేలిగ్గా ఒప్పుకోం. లెక్క చూడండి. కెనడా సైన్యంలో మామూలు సిపాయికి జీతం రోజుకు ఒక డాలరు, దానిమీద పది సెంట్ల భత్యం. రంగు చూసి తగ్గించే పని లేదు. పక్కన నిలబడ్డ తెల్లవాడికీ అంతే, ఇతనికీ అంతే. నెలకు 33 డాలర్లు, అంటే అప్పటి మారకంలో సుమారు నూరు రూపాయలు. అదే సమయంలో, అదే యుద్ధంలో, బకం సింగ్ ఊరి నుంచే బ్రిటిష్ ఇండియా పటాలంలో చేరిన అన్నదమ్ములకు నెలకు పదకొండు రూపాయలు. చేసేది ఒకటే పని, తగిలేది ఒకటే గుండు. బ్రిటిష్ కొలంబియాలో ఏ మిల్లూ ఇవ్వని సమాన కూలి కందకంలో దొరికింది! చావు ఎదురుగా ఉన్న చోట మాత్రమే సమానత్వం పెట్టిన దేశం అది. డబ్బొక్కటే కారణమని కూడా మేమనం. మనిషిగా లెక్కలో ఉండాలన్న ఆశ ఇరవై ఏళ్ళవాడికి ఉండదా?

ఆ లెక్కలోకి ఎక్కడమైనా సుళువు కాదు. తెల్లవాళ్ళు కానివాళ్ళను చేర్చుకోవడం, మానడం పటాలం అధికారి ఇష్టం. నల్లజాతి వాళ్ళను చాలాచోట్ల తిప్పి పంపి, చివరికి 1916లో వాళ్ళకు వేరే పటాలం పెట్టి తుపాకికి బదులు కట్టడం పనులు అప్పజెప్పారు. బ్రిటిష్ కొలంబియా జపానువాళ్ళు తమ రాష్ట్రంలో తీసుకోకపోతే పొరుగు రాష్ట్రానికి పోయి చేరారు. యుద్ధంలో కెనడా సైన్యానికి పనిచేసిన ఆరు లక్షల పైచిలుకు జనంలో సిక్కులు దొరికింది పదిమంది దాకా. ఆ పదిలో ఒకడు బకం సింగ్.

సరిగ్గా అదే 1915లో, నవంబరు 16న, లాహోరు జైలులో కర్తార్ సింగ్ సరాభాను ఉరితీశారు. అతనూ రైతు బిడ్డే, లూధియానా జిల్లా వాడు, బకం సింగ్ కంటే మూడేళ్ళు చిన్న. అమెరికా వెళ్ళి, గదర్ పత్రిక అచ్చువేసి, సిపాయిలను తిరగబడమని చెప్పడానికి తిరిగి వచ్చాడు. ఒకడు తెల్ల సైన్యాన్ని తిప్పికొట్టబోయి ఉరికంబం మీద, ఒకడు తెల్ల సైన్యం దుస్తులు తొడుక్కుని ఓడ మీద. మన కార్యకర్తలు సరాభా వైపు నిలబడతారు, మేమూ అక్కడే నిలబడతాం. కాని ఇద్దరినీ ఊరి నుంచి గెంటింది ఒకే శిస్తు, ఒకే వడ్డీ అన్నది మరిచిపోతే రెండో వాడితో మనం ఏనాడూ మాట్లాడలేం. మన కూలిపేటల్లో రెండో వాళ్ళే ఎక్కువ.

ఆ ఏడాదే అతన్ని ఇంగ్లండుకు పంపారు. 1916 మొదట్లో బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో 20వ కెనడా పదాతి బెటాలియన్‌లో కలిపారు. అంతకు ముందు ఏడాది పాటు ఈప్ర్ దగ్గరా, ఫ్రాన్సులోనూ మన దేశపు పదాతి పటాలాలు పోరాడాయి. ఎందరో పంజాబీలు ఆ బురదలోనే పూడిపోయారు. 1915 ఆఖరుకు మిగిలినవాళ్ళను మెసపొటేమియాకు తరలించారు. బకం సింగ్ వచ్చేసరికి కందకాల్లో తన భాష మాట్లాడేవాడు లేడు. ఓంటారియోలో ఎంత ఒంటరో అక్కడా అంతే ఒంటరి.

కందకం అంటే ఏమిటో చెప్పాలి. ఫ్లాండర్స్ నేల పల్లపు నేల, తవ్వితే మూడడుగులకు నీళ్ళు. మన కృష్ణా డెల్టాలో ఊడ్పుల నాటి దమ్ము చేలో ఇల్లు కట్టుకుని చలికాలం అంతా ఉండమంటే ఎలా ఉంటుందో అలా. తడి బూట్లలో పాదాలు చీకి కుళ్ళిపోయేవి. ఒళ్ళంతా పేలు. శవాలు తిని బలిసిన పందికొక్కులు. యుద్ధమంటే తుపాకి పేల్చడం అనుకుంటాం గాని, పదాతి సిపాయి చేసిన పని నూటికి తొంభై పాళ్ళు మట్టిపనే. రాత్రి కాగానే పార పట్టుకుని కూలిన గట్టు ఎత్తాలి, ఇసుక బస్తాలు నింపాలి, ముళ్ళతీగ మొయ్యాలి, పైకి తిండీ గుండ్లూ చేరవెయ్యాలి. తెల్లారితే తల దించుకుని కూర్చోవాలి. దొరల యుద్ధాన్ని నిలబెట్టింది ఉపాధి లేని కూలీల పారపనే.

పార అంటే ఒక సంగతి గుర్తొచ్చింది. కెనడా యుద్ధమంత్రి దగ్గర సెక్రటరీగా ఉన్న ఒకావిడ పేరు మీద ఒక కొత్తరకం పారకు పేటెంటు తీసుకున్నారు. పార నడుమ చిల్లు. నేలలో గుచ్చి, ఆ చిల్లులోంచి తుపాకి పెట్టి కాల్చుకోవచ్చట, పార డాలుగా ఉంటుందట. ఒక్కొక్కటి ఒక డాలరు 35 సెంట్ల చొప్పున 25 వేలు కొన్నారు. గుండు తగిలితే ఆగలేదు. తవ్వబోతే మట్టి చిల్లులోంచి కారిపోయింది. చివరికి పాత ఇనుము కింద 1,400 డాలర్లకు అమ్మేశారు. చిల్లున్న పారతో మట్టి ఎత్తలేమని మన ఊళ్ళో ఏ కూలిపిల్లను అడిగినా చెప్పేది. కెనడాలోనే తయారైన రాస్ తుపాకి సంగతీ అంతే. ఎండలో గురి చూడడానికి బాగుండేది, బురద తగిలితే బోల్టు బిగుసుకుపోయేది. సిపాయిలు మడమతో తన్ని తెరుచుకునేవాళ్ళు. ఎంతోమంది ప్రాణాలు పోయాక 1916లో గాని దాన్ని తీసేసి లీ ఎన్‌ఫీల్డ్ తుపాకులు ఇవ్వలేదు. కంట్రాక్టు దక్కినవాడికి లాభం, పట్టుకున్నవాడికి చావు.

బకం సింగ్ బెటాలియన్ రెండో కెనడా డివిజన్లోది. ఆ డివిజన్ మొదటి పెద్ద దెబ్బ తిన్నది సెంట్ ఎల్వా దగ్గర. 1916 మార్చి 27న బ్రిటిషువాళ్ళు జర్మన్ కందకాల కింద సొరంగాలు తవ్వి మందుపాతరలు పేల్చారు. నేల చెరువుల్లాంటి గుంటలైపోయింది. ఏప్రిల్ మొదట్లో కెనడావాళ్ళను ఆ గుంటల్లోకి దించారు. ఏ గుంట ఎవరిదో పైనున్న అధికారులకే తెలియలేదు. రెండు వారాల్లో 1,373 మంది కెనడా సిపాయిలు చచ్చిపోవడమో గాయపడడమో జరిగింది. గెలిచిన నేల మళ్ళీ పోయింది.

జూన్ 2న ఈప్ర్ దగ్గర మౌంట్ సోరెల్ యుద్ధం మొదలైంది. జర్మన్ ఫిరంగులు పొద్దున్నించి ఆగకుండా కురిశాయి. ఆ రోజే బకం సింగ్ తలకు గుండుపెంకు తగిలింది. కట్టుకట్టించుకుని కోలుకుని మళ్ళీ కందకానికి వెళ్ళాడు. ఏడు వారాలు తిరక్కుండా జూలై 20న సెంట్ ఎల్వా దగ్గరే కాలిలో తూటా దిగింది. ఈసారి మోసుకుపోవలసి వచ్చింది. అతన్ని చేర్చిన కెనడా ఆసుపత్రిలో డాక్టర్ జాన్ మెక్రే ఉండేవాడు. ఫ్లాండర్స్ పొలాల మీద పద్యం రాసి పేరుపడ్డ మనిషి ఆయనే. ఆ పద్యం ఇప్పటికీ ఆ దేశాల్లో ఏటా చదువుతారు. ఆ డాక్టరున్న ఆసుపత్రి మంచాల మీద పడుకున్న మహిల్పూర్ పాలేరు సంగతి మాత్రం ఏ పద్యంలోకీ ఎక్కలేదు.

తర్వాత మాంచెస్టరు ఆసుపత్రి. కాలు నయమైంది. మళ్ళీ యుద్ధానికి పంపుదామని కెంట్ శిబిరంలో ఉంచారు. తూటా చెయ్యని పని అక్కడ క్షయ చేసింది. కందకాల చలి, తడి, గాయాలతో నెత్తురు పోయిన ఒళ్ళు, కిక్కిరిసిన బారకాసులు. ఆ జబ్బు వేరే దారిన ఎందుకొస్తుంది? మన బీడీ కార్మికులకు, రాళ్ళు కొట్టేవాళ్ళకు వచ్చే జబ్బే అది. ఇక సైన్యానికి పనికిరాడని తేలాక కెనడాకు తిప్పి పంపారు. ఓంటారియోలోని కిచెనర్ పట్నంలో సైనికుల కోసం పెట్టిన ఫ్రీపోర్ట్ క్షయ ఆసుపత్రిలో పడేశారు.

ఆ పట్నం పేరు వినండి. జర్మన్లు వచ్చి కట్టుకున్న ఊరు గనక 1916 దాకా దాని పేరు బెర్లిన్. యుద్ధం వచ్చాక ఆ పేరు నోటితో అనడం నేరమైపోయి, కిచెనర్ దొర పేరు పెట్టారు. ఆ దొర 1902 నుంచి 1909 వరకు మన దేశంలో బ్రిటిష్ సైన్యానికి సర్వసేనాని, తర్వాత యుద్ధమంత్రి. బకం సింగ్ తలకు గుండుపెంకు తగిలిన మూడు రోజులకు ఓడ మునిగి చనిపోయాడు. అతని పేరు ఒక పట్నానికి పెట్టారు. అదే పట్నంలో, 1919 ఆగస్టు 27న, ఇరవై అయిదేళ్ళ బకం సింగ్ దగ్గి దగ్గి పోయాడు. మంచం పక్కన తన వాళ్ళు ఒక్కరూ లేరు. తలకొరివి పెట్టేవాడూ లేడు. సిక్కుల ఆచారం దహనం. అతన్ని మౌంట్ హోప్ శ్మశానంలో పూడ్చి సైనికుల రాయి ఒకటి నాటారు.

ఆ 1919లోనే, మార్చి నెలలో, కెనడాలో ఉన్న హిందూదేశపు వాళ్ళు పెళ్ళాం బిడ్డలను తెచ్చుకోవచ్చునని ఉత్తర్వు వచ్చింది. యుద్ధంలో మన దేశం నుంచి 13 లక్షలమంది పోయి, 74 వేలమంది చచ్చాక, 1918లో లండన్‌లో దొరల సమావేశం ఒప్పుకున్న ముష్టి అది. ఉత్తర్వు వచ్చిననాటికి బకం సింగ్ క్షయ మంచం మీద ఉన్నాడు. పదహారేళ్ళ కిందట పెళ్ళాడిన ప్రీతం కౌర్ పంజాబులో ఉంది. ఏప్రిల్ 13న అదే పంజాబులో, జలియన్‌వాలాబాగ్‌లో, సామ్రాజ్యం తన కృతజ్ఞత ఇంకో రకంగా చూపింది.

ఓటు సంగతీ చెప్పాలి. యుద్ధం నుంచి బతికి వచ్చిన జపాను సిపాయిలకు బ్రిటిష్ కొలంబియా 1931 దాకా ఓటివ్వలేదు. అప్పుడు కూడా శాసనసభలో ఒక్క ఓటు తేడాతో బయటపడ్డారు. మనవాళ్ళకు 1947లో వచ్చింది. ఒకే ప్రయాణం చట్టం తీసేసిందీ అప్పుడే. కోమగాట మారు విషయంలో కెనడా ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2016లో.

యుద్ధం అయ్యాక యుద్ధరంగంలో పనిచేసిన సిపాయిలందరికీ ఒక కంచు పతకం ఇచ్చారు. అంచు మీద సిపాయి నెంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. బకం సింగ్ పతకం ఎన్ని చేతులు మారిందో గాని, 2008లో లండన్‌లో ఒక తాకట్టు కొట్టులో అమ్మకానికి ఉంది. సందీప్ సింగ్ బ్రార్ అనే సిక్కు చరిత్రకారుడి కంట పడింది. సింగ్ అనే పేరు పక్కన కెనడా పటాలం పేరు ఉండడం చూసి ఆయన ఆశ్చర్యపోయి కొన్నాడు. ఆ నెంబరు పట్టుకుని సైన్యం కాగితాలు తిరగేశాడు. కాగితాల్లో పేరు ఒకచోట బకం, ఒకచోట బుకం. మస్తరు రోల్లో తన పేరు తప్పు రాసిన కారణంగా కూలి పోగొట్టుకున్న మనిషికి ఈ తిప్పలు తెలుసు. చివరికి ఆ కాగితాలే ఆయన్ని మౌంట్ హోప్ శ్మశానానికి నడిపించాయి. ఆ యుద్ధంలో పనిచేసిన కెనడా సిక్కు సిపాయిల్లో సమాధి ఆచూకీ తెలిసింది ఇతనొక్కడిదే.

అప్పటి నుంచి యేటా నవంబరులో, యుద్ధమృతులను తలుచుకునే రోజున, చుట్టుపక్కల పట్నాల పంజాబీలు ఆ రాయి దగ్గర చేరుతున్నారు. లారీ డ్రైవర్లు, ఫ్యాక్టరీ పనివాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు. ఆ నెలకు అక్కడ చలి మొదలైపోతుంది. తలపాగాల మీద మంచు పడుతుండగా ప్రార్థన చేసి, పూలు పెట్టి, ఎవరి షిఫ్టుకు వాళ్ళు వెళ్ళిపోతారు.